చేత్తో అల్లిన స్వెట్టర్ ముక్కల్ని ఎలా కలిపి కుట్టాలి?

ఆదిలాబాద్ చలికి రెండేళ్ళ పాపకోసం మొదటిసారి స్వెట్టర్ అల్లానని రాశారు. వెనక భాగం, ముందు రెండు ముక్కలు, పైన వంపు లేకుండా సూటిగా ముగించిన చేతులు రెండూ బాగానే వచ్చాయి. తీరా కలిపి కుట్టేసరికి పక్క అతుకులు తాడులా గట్టిపడ్డాయి, ఒకవైపు కింది అంచు అర అంగుళం దిగింది, చెయ్యి జాయింట్ చేసిన చోట ముడతలు పడ్డాయి. బ్లౌజు కుట్టినట్టే లోపలివైపు నుంచి దగ్గరదగ్గరగా బ్యాక్ స్టిచ్ వేశానన్నారు. విప్పి మళ్ళీ చేత్తోనే కుట్టాలా, టైలర్ దగ్గర ఓవర్‌లాక్ చేయించాలా అన్నది మీ ప్రశ్న.

విప్పండమ్మా, చేత్తోనే కుట్టండి. ఓవర్‌లాక్‌కి మాత్రం ఇవ్వకండి. ఆ మిషన్‌లో బ్లేడు ఉంటుంది, అంచును కోసుకుంటూ కుడుతుంది. కత్తిరించిన గుడ్డకి అది అవసరమే, లేకపోతే దారాలు ఊడిపోతాయి. మనం అల్లిన ముక్కకి ఆ అవసరం లేదు. ప్రతి వరస చివరా అదే పోగు వెనక్కి తిరిగి పై వరసలోకి వెళుతుంది కాబట్టి అంచు దానంతట అదే గట్టిగా ఉంటుంది. దాన్ని కోశారంటే ప్రతి వరసనీ అక్కడ తెంపినట్టే.

ముప్పై ఏళ్ళ కిందట మావారి పోస్టింగ్ డెహ్రాడూన్‌లో ఉన్నప్పుడు, నేను అల్లిన మొదటి స్వెట్టర్‌ని ఒక టైలర్‌కి ఇచ్చాను. మిషన్ పాదం కింద అల్లిక సాగిపోయి, అంచంతా వేయించిన అప్పడంలా అలలు తిరిగి వచ్చింది. రెండు నెలల పని అది. పక్క క్వార్టర్‌లో ఉండే పంజాబీ ఆంటీ దాన్ని చూసి, ఒక్క మాట అనకుండా, ఎండలో మంచం వాల్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో కుట్టడం నేర్పించారు. ఇప్పుడు మీకు చెప్పేది ఆవిడ నేర్పిన పనే. తర్వాత నా చేతికి తెలిసినవి కొన్ని కలిపాను.

ముందు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. బ్లౌజు గుడ్డ నేసిన గుడ్డ. పడుగూ పేకా తిన్నగా నడుస్తాయి, లాగినా పెద్దగా సాగదు. దానికి గట్టి కుట్టు సరిపోతుంది. అల్లికలో తిన్నగా నడిచే పోగే ఉండదు, అంతా లూపులే. ఆంటీ వాళ్ళు ఫందా అనేవారు. లాగితే లూపు ఆకారం మార్చుకుని సాగుతుంది, వదిలితే మళ్ళీ మామూలుకి వస్తుంది. సాగే గుడ్డకి సాగని కుట్టు వేస్తే, అతుకైనా బిగుసుకుపోతుంది, పాప చెయ్యి దూర్చేటప్పుడు కుట్టుదారమైనా పుటుక్కున తెగుతుంది. పైగా లోపలివైపు నుంచి బ్యాక్ స్టిచ్ వేస్తే సూది ఎక్కడ దిగుతోందో మనకి కనపడదు. లూపుని చీల్చుకుంటూ, ఒకసారి ఒక వరసలో, ఇంకోసారి రెండు వరసల అవతల దిగుతుంది. రెండు అంచుల మందమూ లోపల గట్టుగా మిగులుతుంది. మీ చేతికి తాడులా తగిలేది అదే.

బ్యాక్ స్టిచ్ చెడ్డదని కాదు. భుజం దగ్గర అది బాగా పనికొస్తుంది, ఎందుకో కింద చెబుతాను. పొడవాటి పక్క అతుకులకి మాత్రం వద్దు.

విప్పడం దగ్గర తొందరపడకండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చుని చేయండి. కుట్టినది కూడా అదే రంగు ఊలు కాబట్టి రాత్రి లైటు కింద ఏది కుట్టో ఏది లూపో తెలియదు. రెండు ముక్కల్నీ చెరో చేత్తో మెల్లగా ఎడం చేస్తే మధ్యలో అడ్డంగా బిగుసుకుని కనపడేదే కుట్టుదారం. మొద్దు సూదితో దాన్ని కొంచెం పైకెత్తి, అది కుట్టుదారమేనని నిర్ధారించుకున్నాకే కత్తిరించండి. మూడు నాలుగు కుట్లకొకసారి తెంపి ముక్కలు ముక్కలుగా తీసేయండి, పొడవు దారాన్ని ఒక్కసారిగా లాగకండి. పొరపాటున అల్లిక పోగే తెగితే కంగారుపడొద్దు. ఆ లూపుకి వెంటనే పిన్నీసు పెట్టేయండి, అది కిందికి జారదు. తర్వాత అదే ఊలు ముక్కతో కలుపుకోవచ్చు.

విప్పిన ముక్కలు ముడతలుగా ఉంటాయి, అంచులు లోపలికి చుట్టుకుంటాయి. వాటిని అలాగే కుట్టకండి. నా లెక్కలో అతుకు పని సగం ఇక్కడే ఉంది, చాలామంది వదిలేసేదీ ఇదే. అసలు ఊలైతే గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నాననిచ్చి, పిండకుండా, తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీసేయండి. దుప్పటి పరిచి దాని మీద ముక్కని పెట్టి, టేపుతో కొలుస్తూ అనుకున్న వెడల్పుకి, పొడవుకి సర్ది, తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ముందు ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోవాలి. పాపలకి అల్లేది మన దగ్గర ఎక్కువగా యాక్రిలిక్ ఊలే. దాని మీద ఇస్త్రీ పెట్టె ఆనించకండి. వేడికి అది ఒక్కసారి చచ్చుబడిపోతే మళ్ళీ సాగే గుణం రాదు. తడిపి ఆరబెట్టడం చాలు.

సూది మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉండాలి. కుట్టు సామాన్ల కొట్టులో ఊలు సూది అంటే ఇస్తారు. దబ్బనం వాడకండి, దాని మొన పోగుని చీల్చేస్తుంది. దారం స్వెట్టర్ అల్లిన ఊలే. మిషన్ దారంతో కుడితే అది ఊలు కంటే గట్టిగా ఉండి, ఉతికిన కొద్దీ లూపుల్ని కోసుకుంటూ పోతుంది. ఒకసారికి 45 సెం.మీ. మించి తీసుకోకండి. పొడవు దారం పదేపదే అల్లికలోంచి రాసుకుంటూ వెళ్ళి నూగు రేగి, బలం తగ్గి సగంలో తెగుతుంది. ఊలు మరీ బొచ్చుగానో, ముడులు ముడులుగానో ఉండే రకమైతే అదే రంగులో నున్నటి ఊలు విడిగా కొనుక్కోండి.

ఇక అసలు కుట్టు. దీన్ని మ్యాట్రెస్ స్టిచ్ అంటారు. రెండు ముక్కల్నీ పైవైపు మీకు కనపడేలా బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఈ కుట్టు పైవైపు నుంచే వేస్తాం, అందువల్ల ప్రతి కుట్టూ ఎక్కడ పడుతోందో కళ్ళ ముందే ఉంటుంది. అల్లిక పైవైపు లూపులన్నీ నిలువుగా జడల్లా కనిపిస్తాయి కదా. అంచున ఉన్న మొదటి జడని, పక్కనున్న రెండో జడని వేళ్ళతో కొంచెం ఎడం చేసి చూడండి. మధ్యలో నిచ్చెన మెట్లలా సన్నటి అడ్డపోగులు ఉంటాయి. ఒక్కో వరసకి ఒక్కో మెట్టు. మన సూది దూరాల్సింది ఆ మెట్ల కింద నుంచే, లూపుల్లోంచి కాదు.

కింది అంచు దగ్గర మొదలుపెట్టండి. మొదట లూపులు ఎక్కించుకున్నప్పుడు మిగిలిన పొడవాటి కొస ఉంటే దాంతోనే కుట్టొచ్చు, ఒక కొస దాచే పని తగ్గుతుంది. కుడి ముక్క మూలలో వెనక నుంచి ముందుకి సూది తీయండి, ఎడమ ముక్క మూలలో కూడా వెనక నుంచి ముందుకి, మళ్ళీ కుడి మూలలో అలాగే. దారం 8 అంకెలా తిరిగి రెండు మూలలూ సమానంగా కలుస్తాయి. ఈ 8 వేయకపోతే కింది అంచు దగ్గర చిన్న మెట్టులా తేడా వస్తుంది, ఎంత బాగా కుట్టినా అదే కంటికి కొడుతుంది.

తర్వాత కుడి ముక్కలో మొదటి మెట్టు కింద నుంచి సూది పోనిచ్చి పైకి తీయండి. ఎడమ ముక్కలో మొదటి మెట్టు. మళ్ళీ కుడివైపు, ఇందాక సూది బయటికొచ్చిన చోటే లోపలికి దింపి, రెండో మెట్టు కింద నుంచి తీయండి. మళ్ళీ ఎడమవైపు రెండోది. బూటు లేసు కట్టినట్టు అటూ ఇటూ వెళ్ళడమే. సన్నటి ఊలైతే రెండేసి మెట్లు ఒకేసారి తీసుకోవచ్చు, రెండు వైపులా ఒకే లెక్క ఉండాలి. మొదటిసారి కాబట్టి మీరు ఒక్కొక్కటే తీసుకోండి.

3, 4 సెం.మీ. వరకు దారం వదులుగానే ఉంచండి. అప్పటికి రెండు ముక్కల మధ్య నిచ్చెన కడుతున్నట్టే ఉంటుంది, భయం వేస్తుంది కూడా. అప్పుడు దారాన్ని అతుకు పొడవు వైపుకి మెల్లగా లాగండి. దారం కనపడకుండా పోయి, అటు జడ, ఇటు జడ పక్కపక్కన చేరి ఒకే ముక్కలా కనిపిస్తాయి. నేను ఎన్ని వందల అతుకులు కుట్టానో, ఈ క్షణం ఇప్పటికీ నాకు సంబరమే. దారం మాయమైన చోట లాగడం ఆపేయండి. ఆ మీద ఇంకొక్క లాగు లాగితే అతుకు ముడుచుకుంటుంది. ప్రతిసారీ లాగాక, కుట్టిన మేర రెండు చివరలా పట్టుకుని సాగదీసి చూడండి. దారం కొద్దిగా సర్దుకుని అల్లికతో పాటు సాగాలి. ఈ సాగదీయడం అలవాటు చేసుకుంటే బిగుసుకునే అతుకు మీ చేతిలో ఇక రాదు.

అంచు జడలు రెండూ లోపలికి మడత పడతాయి. అంటే ప్రతి ముక్కకీ ఒక్కో అంచున ఒక్కో లూపు అతుకులోకి పోతుంది. లూపులు ఎక్కించుకునేటప్పుడే ఆ లెక్క కలుపుకోవాలి. మరీ లావు ఊలైతే పూర్తి జడ కాకుండా సగం జడ లోపల నుంచి కుట్టండి, మందం తగ్గుతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ప్రతి వరసలో మొదటి లూపుని అల్లకుండా రెండో అల్లిక సూది మీదికి దాటించాలని మనందరికీ నేర్పిస్తారు. అంచు నీటుగా గొలుసులా వస్తుంది. మఫ్లర్‌కి, శాలువాకి, కనపడే ఏ అంచుకైనా అది అందమే. అతకాల్సిన అంచుకి మాత్రం నష్టం. దాటించిన లూపు రెండు వరసల పొడవున సాగి వదులుగా ఉంటుంది, ఆ గొలుసుల్ని పట్టుకుని కుడితే మధ్యలో కిటికీల్లా సందులు పడతాయి. మీ ముక్కలు అలా అల్లినవే అయితే ఇప్పుడేం టెన్షన్ పడకండి. గొలుసుని వదిలేసి దాని లోపలివైపు మెట్లనే వెతకండి. ఒక గొలుసు లూపు నుంచి రెండు మెట్లు జతగా వస్తాయి, ఆ జతని కలిపి ఒకేసారి సూది మీదకి తీసుకోండి. ఈసారి అల్లేటప్పుడు అతుకులోకి పోయే అంచుల్లో మొదటి లూపుని కూడా అల్లేయండి. చేతి ముక్కలో వెడల్పు పెంచడం కూడా అంచున కాకుండా రెండు లూపులు లోపల పెంచండి, కుట్టే దారి తిన్నగా ఉంటుంది.

మీరు చెప్పిన అర అంగుళం తేడా సంగతి. పాప స్వెట్టర్‌కి వాడే ఊలుతో 10 సెం.మీ.కి సుమారు 30 వరసలు వస్తాయనుకుంటే, అర అంగుళం అంటే ఇంచుమించు 4 వరసలు. ఆ నాలుగూ కుట్టడంలో జారాయా, అల్లడంలోనే ఎక్కువయ్యాయా అన్నది విప్పాక లెక్కపెట్టి తెలుసుకోండి. ప్రతి పదో వరస దగ్గరా రెండు ముక్కలకీ పిన్నీసు పెట్టుకుంటూ వెళ్ళండి. వరసలు సమానంగా ఉంటే, పిన్నీసు ఎదురుగా పిన్నీసు వచ్చేలా మెట్టుకి మెట్టు కుట్టడమే, తేడా రమ్మన్నా రాదు. ఒక ముక్కలో నాలుగు ఎక్కువుంటే, అతుకు మొత్తంలో నాలుగు చోట్ల దూరదూరంగా, ఆ వైపు రెండు మెట్లు తీసుకుని ఈ వైపు ఒకటి తీసుకోండి. తొడుక్కున్నాక ఎవరికీ తెలియదు. అంతకంటే చాలా ఎక్కువ తేడా ఉంటే కుట్టుతో సర్దకండి. పొట్టి ముక్కని పైనుంచి విప్పి ఆ వరసలు అల్లేయండి. ఒక పూట పని, దానికి బద్ధకిస్తే స్వెట్టర్ ఉన్నన్నాళ్ళూ ఒకవైపు వంకరగానే వేలాడుతుంది.

భుజానికి వేరే కుట్టు కావాలి. చేతుల బరువంతా వేలాడేది భుజం అతుకు మీదే కాబట్టి అక్కడ సాగడం మనకి అక్కర్లేదు, నిలబెట్టేది కావాలి. అల్లడం ముగించి లూపులు మూసేసిన అంచులు ఎదురెదురుగా పెట్టి, మూసిన అంచుకి సరిగ్గా లోపలున్న లూపు రెండు కాళ్ళ కింద నుంచీ సూది పోనివ్వండి, తర్వాత అవతలి ముక్కలో ఎదురు లూపు. మూసిన అంచులు లోపలికి పోయి, పైన కొత్త వరస అల్లినట్టు కనిపిస్తుంది. మీకు అలవాటైన బ్యాక్ స్టిచ్ వేయాలనుకుంటే స్వెట్టర్ మొత్తంలో దానికి తగిన చోటు ఇదే. నాకైతే ఇంకో పద్ధతి ఇష్టం. భుజం లూపుల్ని మూయకుండా అల్లిక సూదుల మీదే ఉంచి, పైవైపులు లోపలికి వచ్చేలా ముక్కల్ని కలిపి పట్టుకుని, మూడో సూదితో ముందు సూది మీది లూపూ వెనక సూది మీది లూపూ కలిపి ఒకటిగా అల్లుతూ మూసేయడం. కుట్టే పనే లేదు, అతుకు గట్టిగా, సమంగా వస్తుంది. ఈసారికి గుర్తుపెట్టుకోండి.

భుజానికి కిచెనర్ స్టిచ్ వేస్తే అతుకే కనపడదని మీకు ఎవరైనా చెప్పొచ్చు. తెరిచి ఉన్న లూపుల్ని సూదితోనే ఒక వరస అల్లినట్టు కలిపే కుట్టు అది. ఆ పేరు 1902 నుంచి 1909 దాకా మన దేశంలో బ్రిటిష్ సేనలకి సర్వసేనాధిపతిగా ఉన్న లార్డ్ కిచెనర్‌ది. మేజోళ్ళ వేళ్ళ దగ్గర అతుకు గట్టు లేకుండా రావడానికి దానికి మించింది లేదు. అల్లికలాగే మెత్తగా సాగుతుంది కాబట్టే భుజానికి మాత్రం వద్దంటాను. కొన్నాళ్ళకి భుజాలు జారి చేతులు పొడుగవుతాయి.

చెయ్యి అతకడానికి వద్దాం, మీ ముడతలకి కారణం ఇక్కడుంది. మీ చేతులు పైన వంపు లేకుండా సూటిగా ముగించారు కాబట్టి చేతి పై అంచులో లూపులు ఉంటాయి, ఒంటి ముక్క పక్కన వరసలు ఉంటాయి. లూపు వెడల్పు, వరస ఎత్తు ఒకటి కావు. 10 సెం.మీ.లో 30 వరసలు ఉంటే లూపులు 22 దాకానే ఉంటాయి. చంక లోతు 12 సెం.మీ. అనుకోండి, ఒంటి వైపు 36 వరసలు, చేతి వైపు 26, 27 లూపులు. మీరు ఒకటికి ఒకటి కలుపుతూ వెళితే చేతి గుడ్డ ఎక్కువై కుచ్చులు పడుతుంది, కింద పది వరసలు మిగిలిపోతాయి. వాటిని లాగి సర్దితే ముడతలు. అందుకే 3 లూపులకి 4 వరసలు లెక్క. మొదటి లూపుకి ఒక మెట్టు, రెండో దానికి ఒక మెట్టు, మూడో దానికి రెండు మెట్లు కలిపి, మళ్ళీ మొదటినుంచి. ఇరవై ఏడు లూపులకి సరిగ్గా ముప్పై ఆరు వరసలు. మీ అల్లిక కొలత వేరైతే, కొలిచి మీ లెక్క మీరే వేసుకోండి, పద్ధతి ఇదే.

కుట్టే ముందు చెయ్యిని మధ్యకి మడిచి ఆ మధ్య బిందువుని భుజం అతుకుకి పిన్నీసుతో కలపండి. చివరలు రెండూ చంక గుర్తుల దగ్గర పెట్టండి. ఆ తర్వాత మధ్య మధ్యలో. భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి ఒకవైపు కుట్టి, మళ్ళీ భుజం నుంచి రెండోవైపు కుట్టండి, ఏ చిన్న తేడా ఉన్నా చంక కిందికి పోయి దాక్కుంటుంది. వంపు చేతులు అల్లినప్పుడు చంక దగ్గర మూసిన లూపులు ఒంటికీ చేతికీ ఎదురెదురుగా రావాలి, వాలు ఉన్న చోట వరసకి వరస, పైన చదునుగా ఉన్న చోట ఈ మూడు నాలుగుల లెక్క.

వరుసక్రమం ఇలా పెట్టుకోండి: ముందు భుజాలు, తర్వాత మెడ పట్టీ, తర్వాత చేతులు. పాపల స్వెట్టర్ చిన్నది కాబట్టి పక్కలు కుట్టకముందే చేతులు అతికేస్తే ముక్కంతా బల్ల మీద పరుచుకుని ఉండి చేతికి అందుతుంది. చివర్లో కింది అంచు నుంచి చంక దాకా, అక్కడి నుంచి మణికట్టు దాకా ఒకే దారిలో కుట్టుకుంటూ వెళ్ళడం.

కింద ఎలాస్టిక్‌లా అల్లిన పట్టీ దగ్గర ఒక సీదా లూపు (పైకి జడలా కనిపించేది), ఒక ఉల్టా లూపు (బుడిపెలా కనిపించేది) మార్చి మార్చి అల్లినదైతే రెండు ముక్కల్లోనూ సగం లూపు లోపల నుంచి కుట్టండి, అతుకు మీద కూడా ఆ సీదా జడ పూర్తిగా కనిపిస్తుంది. రెండు వైపులా సీదానే అల్లిన చోట మెట్ల బదులు బుడిపెలు ఉంటాయి. ఒక ముక్కలో కిందికి వంగిన బుడిపె, ఎదురు ముక్కలో పైకి వంగిన బుడిపె పట్టుకుంటూ వెళితే గట్టు లేకుండా చదునుగా కలుస్తుంది.

కొసలకి ముడులు వేయకండి. ఊలు ముడి ఉతుకుల్లో జారిపోతుంది, జారకపోతే పాప ఒంటికి గుచ్చుకుంటుంది. 15 సెం.మీ. కొస వదిలి, సూదికి ఎక్కించి, లోపలివైపు అతుకు మడతలోనే 5, 6 సెం.మీ. పోనిచ్చి, వెనక్కి తిరిగి ఇంకో 2 సెం.మీ. పోనివ్వండి. అతుకుని ఒకసారి సాగదీసి వదిలాకే కొస కత్తిరించండి, ముందే కత్తిరిస్తే మొదటిసారి తొడిగినప్పుడు కొస లోపలికి జారి ఊడిపోతుంది.

మీ స్వెట్టర్ మీద చేయి పెట్టేముందు మిగిలిన ఊలుతో ఇరవై లూపులు, ముప్పై వరసల ముక్కలు రెండు అల్లండి. వాటిని వేరే రంగు ఊలుతో కలిపి కుట్టి చూడండి. దారం సరిగ్గా మాయమైతే పైనుంచి ఆ రంగు కనపడకూడదు. ఎక్కడైనా చుక్కలా కనపడిందంటే అక్కడ సూది మెట్టుని వదిలి లూపులోకి దిగిందన్నమాట, అక్కడికి విప్పి మళ్ళీ కుట్టండి. నాకు మూడోసారికి వచ్చింది. పాప స్వెట్టర్‌లో రెండు పక్కలూ కలిపి నిదానంగా కుట్టినా ఒక మధ్యాహ్నం పడుతుంది, చేతులకి ఇంకో మధ్యాహ్నం. చలి ముదిరేలోగా అయిపోతుంది.